కీమో పోర్ట్‌తో రోజులు గడపడం: మొహమాటపడకుండా అడగాల్సినవి, మనం చూసుకోవాల్సినవి

కీమో మొదలుపెట్టే ముందు డాక్టర్ పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న డబ్బా) మాట ఎత్తగానే దాదాపు అందరూ ముందు అనుకునేది ఒకటే, ఇంకో ఆపరేషనా అని. ఉన్న టెన్షన్ చాలదన్నట్టు ఇదొకటి. కానీ కీమో మందుల్లో కొన్ని చాలా ఘాటైనవి, చేతి మీది సన్నటి నరాలు వాటిని ఎక్కువ కాలం తట్టుకోలేవు. నల్లబడతాయి, గట్టిపడతాయి, కొన్ని సైకిళ్ళు (కీమో విడతలు) అయ్యేసరికి నరం దొరక్క ఒక్క కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) కోసం రెండు చేతులూ నాలుగైదు చోట్ల గుచ్చించుకోవాల్సి వస్తుంది, అప్పటికే ఒంట్లో ఓపిక లేని మనిషికి అదొక నరకం. పోర్ట్ ఆ బాధను చాలావరకు తప్పిస్తుంది.

నేను నా కీమో అంతా పోర్ట్ ద్వారానే ఎక్కించుకున్నాను, అందుకే ఇది రాస్తున్నాను. పోర్ట్ నిజంగా మంచిది, కానీ దాన్ని చూసుకునే పని సగం హాస్పిటల్‌ది, సగం మనది. మన సగంలో అన్నిటికన్నా పెద్ద పని మొహమాటం వదిలేసి అడగడం. సిస్టర్ హడావిడిలో ఉన్నారు కదా, డాక్టర్ ఏమనుకుంటారో అని నోరు మూసుకుని కూర్చుంటే ఆ ఇబ్బంది పడేది మన ఒళ్ళే.

ముందు అసలు లోపల ఏముందో తెలుసుకోండి

కోటు గుండీ అంత చిన్న డబ్బా, టైటానియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసింది. పైన సిలికాన్ మూత. డబ్బా నుంచి ఒక సన్నటి మెత్తని గొట్టం బయలుదేరి మెడలోని, లేదా కాలర్ బోన్ కిందున్న, పెద్ద నరంలోకి వెళ్ళి గుండెకు కాస్త పైన ఆగుతుంది. అక్కడ రక్తం వేగంగా, ఎక్కువగా పారుతుంటుంది కాబట్టి ఎంత ఘాటైన మందైనా పడీపడగానే రక్తంలో కలిసి పలచబడుతుంది, నరం గోడలు మండవు. మొత్తం చర్మం కిందే ఉంటుంది. బయటికి ఏ గొట్టమూ వేలాడదు, నీడిల్ లేని రోజుల్లో కట్టు కూడా అక్కర్లేదు.

సాధారణంగా కుడివైపు ఛాతీ మీద, కాలర్ బోన్‌కి కింద పెడతారు, ఎందుకంటే ఆ వైపు నుంచి గుండెకు దారి తిన్నగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ అయితే జబ్బు లేని వైపు పెడతారు. కొందరికి చేతి పైభాగంలో పెడతారు.

పెట్టించుకునే ముందే కొన్ని మాటలు డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్తారు, మీ అంతట మీరు ఆపొద్దు. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు)తో ఇదివరకెప్పుడైనా ఇబ్బంది వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి, పోర్ట్ మూసుకుపోకుండా చాలాచోట్ల అదే నింపుతారు. పేస్‌మేకర్ ఉంటే చెప్పండి. ఏ వైపు తిరిగి పడుకుంటారు, బ్యాగ్ ఏ భుజానికి వేసుకుంటారు, కారు నడుపుతారా, ఇవి చిన్న విషయాల్లా అనిపిస్తాయి కానీ నెలల తరబడి మోయాల్సింది మనం కాబట్టి చెప్పడంలో తప్పేమీ లేదు, వీలైతే దాన్ని బట్టి చోటు సర్దుతారు.

ఇంకో మాట, పవర్ పోర్ట్ పెడుతున్నారా అని అడగండి. సీటీ స్కాన్‌లో ఇచ్చే కాంట్రాస్ట్ మందును మెషిన్ చాలా ఒత్తిడితో తోస్తుంది, మామూలు పోర్ట్‌లో అలా తోస్తే గొట్టం చిట్లే ప్రమాదం ఉంది. పవర్ పోర్ట్ ఆ ఒత్తిడిని తట్టుకునేలా చేసింది, చాలావాటికి సెకనుకు 5 మిల్లీలీటర్ల వరకు పరిమితి ఉంటుంది. కీమో నడుస్తున్నన్నాళ్ళూ స్కాన్‌లు ఎలాగూ తప్పవు కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది. పెట్టాక మీకొక కార్డు ఇస్తారు, అందులో కంపెనీ, మోడల్, లాట్ నంబర్ ఉంటాయి. ఆ కార్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి.

మొదటి రెండు వారాలు

ఆపరేషన్ అన్న మాట వింటే భయమేస్తుంది గానీ, ఇది గంట లోపు పని. ఆ చోటు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తారు, కాస్త మగతగా ఉండటానికి మందిస్తారు, అదే రోజు ఇంటికి పంపేస్తారు. మెడ దగ్గర ఒక చిన్న కోత, ఛాతీ మీద ఇంకొంచెం పెద్ద కోత ఉంటాయి. గొట్టం సరైన చోట ఉందా, ఊపిరితిత్తికి ఏమైనా తగిలిందా అని ఎక్స్‌రేలో చూస్తారు.

మొద్దు వదిలాక నొప్పి తెలుస్తుంది. మెడ తిప్పితే లోపల ఏదో పట్టి లాగినట్టుంటుంది, చర్మం నీలంగా, తర్వాత పసుపుగా కమిలినట్టు కనిపిస్తుంది. ఇదంతా మామూలే, వారంలో బాగా తగ్గిపోతుంది. నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో మాత్రం డాక్టర్‌నే అడగండి, ఎందుకంటే ప్లేట్‌లెట్లు తగ్గే మనిషికి అన్ని నొప్పి మాత్రలూ మంచివి కావు.

గాయం మానేదాకా తడి తగలనివ్వొద్దు. తలస్నానానికి ముందుకు వంగి ఎవరిచేతైనా పోయించుకోండి, ఒంటికి తడిబట్టతో తుడుచుకోండి. ఎప్పటినుంచి మామూలుగా స్నానం చేయొచ్చో హాస్పిటల్‌ని బట్టి మారుతుంది, వాళ్ళు చెప్పిందే లెక్క. టబ్‌లో మునగడం, ఈత కొట్టడం మాత్రం గాయం పూర్తిగా మానాకే. బరువులు ఎత్తడం, బకెట్లు మోయడం, పిల్లల్ని చంకనెత్తుకోవడం డాక్టర్ సరేననేదాకా వద్దు. అలాగని భుజం కదపకుండా బిగబట్టుకుని కూర్చోకండి, చాలామంది భయంతో చేసే పని ఇదే, చివరికి భుజం పట్టేసి అదో కొత్త నొప్పి అవుతుంది. చేతిని మెల్లగా కదుపుతూ ఉండాలి, జుట్టు దువ్వుకోవడం, చొక్కా వేసుకోవడం లాంటివి మామూలుగానే చేసుకోవచ్చు.

ఆయాసం వచ్చినా, గుండెల్లో నొప్పి అనిపించినా అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి, అర్ధరాత్రి అయినా సరే. కోత దగ్గర రోజురోజుకీ ఎరుపు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, చీము వచ్చినా, కుట్లు విచ్చుకున్నా వెంటనే చూపించాలి.

నీడిల్ పెట్టే రోజు

ఛాతీ మీద గుచ్చుతారంటే మొదటిసారి గుండె దడదడలాడుతుంది, అది సహజం. ముందే డాక్టర్‌ని అడిగి మొద్దుబారే క్రీమ్ రాయించుకోండి, లిడోకైన్, ప్రిలోకైన్ రెండూ కలిసిన క్రీమ్ ఉంటుంది. హాస్పిటల్‌లో నీడిల్ పెట్టే టైమ్‌కి గంట ముందు పోర్ట్ మీద మందంగా పెట్టాలి, రుద్దకూడదు, పైన పల్చటి పారదర్శక ప్లాస్టిక్ పట్టీ అంటించి వదిలేయాలి. పది నిమిషాల ముందు రాస్తే పెద్దగా పనిచేయదు. కోత ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో వాడొద్దు.

ముందు బొత్తాలున్న చొక్కా గానీ, మెడ వదులుగా ఉన్న డ్రెస్ గానీ వేసుకెళ్ళండి. తల మీంచి తొడిగే బిగుతు బట్టలతో వెళ్తే నీడిల్ పెట్టాక రోజంతా ఇబ్బంది.

ఇప్పుడు కాస్త దగ్గర నుంచి చూద్దాం. సిస్టర్ మాస్క్ పెట్టుకుని, మనకూ ఒకటి ఇచ్చి లేదా ముఖం పక్కకు తిప్పమని, స్టెరైల్ గ్లౌజులు వేసుకుంటారు. క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మాన్ని కనీసం అర నిమిషం బాగా రుద్ది తుడిచి, అది దానంతట అదే ఆరేదాకా ఆగుతారు. ఆరకముందే గుచ్చితే తుడిచి లాభం లేదు, ఊదకూడదు, విసరకూడదు. తర్వాత ఎడమ చేతి వేళ్ళతో చర్మం కింద డబ్బా అంచులు తడిమి, బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య దాన్ని కదలకుండా పట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చమంటారు. నీడిల్ నిటారుగా దిగుతుంది. చర్మం దగ్గర ఒక చిన్న చురుకు, ఆ తర్వాత సిలికాన్‌లోంచి వెళ్ళేటప్పుడు నొక్కినట్టు ఒత్తిడి, చివర్లో లోపలి అడుగుకు తగిలి ఆగడం మనకూ తెలుస్తుంది. అంతే, రెండు మూడు సెకన్లు.

ఆ నీడిల్ మామూలు ఇంజెక్షన్ సూది కాదు. హ్యూబర్ నీడిల్ అంటారు, దాని మొన కొంచెం వంగి ఉండటం వల్ల సిలికాన్‌ని ముక్క కోయకుండా చీల్చుకుని వెళ్తుంది, తీశాక సిలికాన్ మళ్ళీ మూసుకుంటుంది. అందుకే ఒక పోర్ట్ సుమారు వెయ్యి సార్లు గుచ్చినా తట్టుకుంటుంది. మామూలు సూదితో గుచ్చితే మూతకు చిన్న చిన్న రంధ్రాలు పడి మందు బయటికి కారొచ్చు. పోర్ట్ అలవాటు లేని చోట, ఏదో చిన్న క్లినిక్‌లోనో ల్యాబ్‌లోనో, "ఇది ఉంది కదా, దీంట్లోంచే తీస్తాం" అని ఎవరైనా అంటే ఒక్క మాట అడగండి, హ్యూబర్ నీడిల్ ఉందా, పోర్ట్ వాడటంలో ట్రైనింగ్ అయినవాళ్ళున్నారా అని. లేరంటే చేతి నుంచే తీయించుకోండి.

నీడిల్ దిగాక సిస్టర్ సిరంజి వెనక్కి లాగుతారు. తెల్లటి సెలైన్‌లోకి ఎర్రగా రక్తం రావాలి. దీన్నే బ్లడ్ రిటర్న్ అంటారు, ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికన్నా పట్టుబట్టి చూసింది ఇదే. ప్రతిసారీ కళ్ళు తిప్పి సిరంజి వైపు చూడండి, కనిపించకపోతే "సిస్టర్, బ్లడ్ వచ్చిందాండీ?" అని అడగండి. మంచి సిస్టర్లెవరూ దీనికి విసుక్కోరు, సంతోషంగా చూపిస్తారు.

తర్వాత సెలైన్‌ని కొంచెం తోసి ఆగుతూ, మళ్ళీ తోసి ఆగుతూ ఫ్లష్ చేస్తారు, అలా చేస్తేనే లోపల అంటుకున్నవి కడుక్కుపోతాయి. సిరంజి 10 మిల్లీలీటర్లది లేదా అంతకన్నా పెద్దది ఉండాలి, చిన్న సిరంజితో తోస్తే లోపల ఒత్తిడి ఎక్కువై గొట్టం దెబ్బతినొచ్చు. ఫ్లష్ చేసే ఆ క్షణంలో నోట్లో ఉప్పుగానో లోహం చప్పరించినట్టో ఒక రుచి, ముక్కుకు మందు వాసన తగులుతాయి, కొందరికి దాంతోనే వికారం మొదలవుతుంది. ముందే బుగ్గన ఒక పుల్లటి చాక్లెట్ పెట్టుకోండి, చాలామందికి పనిచేస్తుంది.

రక్తం రాకపోతే

ఇది తరచూ జరిగేదే, కంగారుపడొద్దు, అలాగని వదిలేయనూ వద్దు. గొట్టం చివర ఒక సన్నటి పొర పేరుకుంటుంది, మందు తోస్తే లోపలికి వెళ్తుంది గానీ రక్తం లాగితే ఆ పొర వచ్చి మొనకు అతుక్కుని ఆపేస్తుంది. కొన్నిసార్లు గొట్టం మొన నరం గోడకు ఆనుకుని ఉండటం వల్ల కూడా రాదు. అందుకే ముందు చేయి పైకెత్తమంటారు, దగ్గమంటారు, గట్టిగా ఊపిరి పీల్చమంటారు, పక్కకు తిరగమంటారు, కుర్చీ వెనక్కి వాల్చి పడుకోబెడతారు. మీరే కొన్నిసార్లు చూసుకుంటే మీ పోర్ట్‌కి ఏ భంగిమలో పని అవుతుందో తెలిసిపోతుంది, తర్వాతి సారి ముందే చెప్పేయొచ్చు. అప్పటికీ రాకపోతే నీడిల్ మార్చి చూస్తారు, లేదా గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ అనే మందు గొట్టంలో నింపి అరగంట నుంచి రెండు గంటల దాకా ఉంచుతారు. దానికీ లొంగకపోతే డై ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తారు.

కొంచెం టైమ్ పడుతుంది, నిజమే. ఇంటికి వెళ్ళే తొందరలో "పర్లేదు, ఫ్లష్ వెళ్తోంది కదా, ఎక్కించేయండి" అని మనమే అనకూడదు. కొన్ని మందులు, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ లాంటివి, నరం బయట చర్మం కింద పడితే అక్కడి కండ చచ్చిపోయేంత పని చేస్తాయి. రక్తం వచ్చిందని నిర్ధారించుకున్నాకే అవి మొదలుపెట్టాలి.

మందు ఎక్కుతుండగా పోర్ట్ దగ్గర గానీ, మెడలో గానీ, భుజంలో గానీ మంట, నొప్పి, వాపు, తడి, ఏది అనిపించినా ఆ క్షణమే పిలవాలి. బాటిల్ అయ్యాక చెప్దాంలే అనుకోవద్దు. ఆపి చూస్తారు, ఏమీ లేకపోతే మళ్ళీ మొదలుపెడతారు, పోయేది పది నిమిషాలు. ఇది ఎంత చెప్పినా తక్కువే. నిద్ర పోవాలనిపిస్తే పక్కనున్న మనిషికి చెప్పి పడుకోండి, మధ్యమధ్యలో ఆ చోటు వైపు చూస్తుండమని.

జ్వరం

థర్మామీటర్ లేకపోతే ఇవాళే తెప్పించుకోండి. కీమో ఇచ్చాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు ఇన్‌ఫెక్షన్ వస్తే ఒంటికి పోరాడే శక్తి ఉండదు. దానికి తోడు పోర్ట్ అంటే రక్తంలోకి నేరుగా ఉన్న దారి. కాబట్టి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, వచ్చినా, దాటినా అది మామూలు జ్వరం కాదు. హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి, రమ్మంటే వెళ్ళాలి, రాత్రి రెండింటికైనా. "రేపు పొద్దున చూద్దాంలే" అన్న మాట కీమో పేషెంటున్న ఇంట్లో వినపడకూడదు.

జ్వరం చూడకుండా ముందే పారాసెటమాల్ వేసుకోవడం చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. వేసుకుంటే జ్వరం అంకె దిగిపోతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది, మనకు తెలియకుండా పోతుంది. ముందు చూసుకోండి, అంకె, టైమ్ రాసుకోండి, ఫోన్ చేయండి, వాళ్ళు చెప్తే అప్పుడు వేసుకోండి. చంకలో పెట్టి చూస్తే కొంచెం తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి. మలద్వారంలో పెట్టి చూడటం కీమో రోజుల్లో వద్దు.

జ్వరం లేకుండానే ఒక్కసారిగా ఒళ్ళంతా వణుకుతూ చలి వచ్చినా అంతే తీవ్రంగా తీసుకోవాలి. ముఖ్యంగా పోర్ట్ ఫ్లష్ చేసిన గంటలోపే పళ్ళు టకటకా కొట్టుకునేంత వణుకు వస్తే పోర్ట్‌లోనే క్రిములు చేరాయని అనుమానించాలి. హాస్పిటల్‌లో అడుగుపెట్టగానే రెండు మాటలు చెప్పండి, కీమో నడుస్తోంది, పోర్ట్ ఉంది. క్యాజువాలిటీలో ఉన్న డాక్టర్‌కి మన చరిత్ర తెలియదు, జ్వరం అంటే లైన్‌లో కూర్చోబెట్టే అవకాశం ఉంది. కౌంట్స్ (తెల్ల రక్తకణాల లెక్క) తక్కువున్న మనిషికి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది డాక్టర్లు పాటించే పద్ధతి, కాబట్టి గట్టిగా చెప్పుకోవడం మన హక్కు. పోర్ట్‌లోంచి ఒకసారి, చేతి నుంచి ఒకసారి రక్తం తీసి కల్చర్‌కి (క్రిములున్నాయా అని చూసే పరీక్షకి) పంపుతారు, ఇన్‌ఫెక్షన్ పోర్ట్‌లో ఉందా వేరేచోట ఉందా తేల్చడానికి. రెండుసార్లు ఎందుకు తీస్తున్నారని విసుక్కోవద్దు.

జ్వరంతో పాటు కనిపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది, వాపు. పోర్ట్ ఉన్న వైపు చేయి, మెడ, ముఖం ఉబ్బినట్టు అనిపించినా, ఆ వైపు ఛాతీ మీద నరాలు కొత్తగా తేలి కనిపించినా, చేయి బరువుగా నొప్పిగా ఉన్నా, నరంలో గడ్డ కట్టి ఉండొచ్చు. ఉంగరం బిగుతవడం, ఒక్క చేతి చొక్కానే పట్టేయడం లాంటివి తొలి గుర్తులు. అల్ట్రాసౌండ్‌లో చూసి రక్తం పలచబడే మందులు ఇస్తారు, పోర్ట్ తీయకుండానే చాలామందికి సర్దుకుంటుంది, కానీ ఆలస్యం చేయకూడదు.

నీడిల్‌తో ఇంటికి వచ్చే వాళ్ళకి

పేగు క్యాన్సర్ లాంటి వాటికి ఫ్లోరోయురాసిల్ మందును 46 గంటల పాటు మెల్లగా ఎక్కిస్తారు. అన్ని గంటలూ హాస్పిటల్‌లో ఉంచకుండా చిన్న పంప్ తగిలించి ఇంటికి పంపుతారు. ప్లాస్టిక్ సీసాలో బెలూన్ ఉండే పంప్ అయితే బెలూన్ తనంతట తానే కుంచించుకుంటూ మందును తోస్తుంది, కరెంటు, బ్యాటరీ ఏమీ ఉండవు. మొదటి కొన్ని గంటలు బెలూన్ తగ్గినట్టే కనిపించదు, చాలామంది అప్పుడే కంగారుపడతారు. ఒక రాత్రి గడిచాక తేడా తెలుస్తుంది. అప్పటికీ తగ్గకపోతే క్లిప్‌లు తెరిచి ఉన్నాయా, గొట్టం ఎక్కడైనా మడతపడిందా చూసి ఫోన్ చేయండి.

గొట్టం మీద ఒక చిన్న ముక్కను చర్మానికి టేప్‌తో అంటిస్తారు. దాన్ని పీకొద్దు, ఒంటి వేడికి మందు సరైన వేగంతో వెళ్ళేలా చేసేది అదే. పంప్‌ని ఎండలోనో, వేడి కాపడం పక్కనో పెట్టొద్దు, మందు వేగం పెరుగుతుంది. నడుముకు కట్టే సంచిలో పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, రాత్రి దిండు పక్కన పెట్టుకోండి, నిద్రలో కింద పడి గొట్టం లాగకుండా. ఈ రెండు రోజులూ షవర్ వద్దు, డ్రెస్సింగ్ తడిస్తే, అంచులు లేస్తే హాస్పిటల్‌కి చెప్పి మార్పించుకోవాలి. పెంపుడు జంతువులు, చిన్న పిల్లలు ఉంటే గొట్టాన్ని బట్టల లోపలే ఉంచండి.

నీడిల్ ఊడిపోయినా, మందు కారినా క్లిప్ మూసేసి, గ్లౌజులు వేసుకుని, చర్మం మీద పడినచోట సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే ఫోన్ చేయాలి. ఊడిన నీడిల్‌ని మళ్ళీ మనమే పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. కారిన మందు తుడవడానికి ఏం వాడాలో పంప్ పెట్టే రోజే అడిగి తెలుసుకోండి. కీమో తర్వాత రెండు రోజుల దాకా మూత్రం, మలం, వాంతుల్లో మందు పోతుంటుంది కాబట్టి టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి, శుభ్రం చేసేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి.

మామూలు రోజులు

గాయం మానాక చాలా పనులు మామూలే. పోర్ట్ మీద సబ్బుతో స్నానం చేయొచ్చు, నడవొచ్చు, నీడిల్ లేనప్పుడు డాక్టర్ సరేనంటే ఈత కూడా కొట్టొచ్చు. ఛాతీకి దెబ్బ తగిలే ఆటలు వద్దు. జిమ్‌లో ఛాతీ మీద బరువులు నెట్టే వ్యాయామాలు అడిగి చేయండి.

అస్తమానం పోర్ట్‌ని వేళ్ళతో తిప్పడం, కదపడం అలవాటు చేసుకోకండి. ఆలోచనలో ఉన్నప్పుడు చేయి దానంతట అదే అక్కడికి వెళ్తుంది, నిజం. కానీ అలా తిప్పుతుంటే డబ్బా లోపలే బోర్లా పడే అవకాశం ఉంది, అప్పుడు నీడిల్ వెళ్ళదు, మళ్ళీ ఆపరేషన్ చేసి సరిచేయాలి.

కారులో సీట్ బెల్ట్ పోర్ట్ మీద ఒరుసుకుంటే కింద చిన్న మెత్తని గుడ్డ మడిచి పెట్టుకోండి, బెల్ట్ మానేయడం మాత్రం వద్దు. బ్రా పట్టీ తగులుతుంటే వెడల్పు పట్టీ ఉన్నది వాడండి. బ్యాగ్ రెండో భుజానికి మార్చండి. పక్కకు తిరిగి పడుకునేటప్పుడు చేతి కింద ఒక దిండు పెట్టుకుంటే భుజం ముందుకు వాలి పోర్ట్ మీద ఒత్తిడి పడదు. మెటల్ డిటెక్టర్ దగ్గర సాధారణంగా మోగదు, మోగితే చూపించడానికి కార్డు ఫొటో ఉంది కదా. ఎం.ఆర్.ఐ.కి వెళ్తే టెక్నీషియన్‌కి ముందే కార్డు చూపించాలి, చాలా పోర్ట్‌లతో ఇబ్బంది లేదు గానీ వాళ్ళు మోడల్ చూసి నిర్ణయించాలి. సీటీ రోజు పవర్ పోర్ట్ అని చెప్పడమే కాదు, దానికి తగ్గ నీడిలే పెట్టారా అని అడగండి.

ఛాతీ పోర్ట్ ఉన్నంత మాత్రాన ఆ వైపు చేతికి బీపీ చూడకూడదని నియమం లేదు. చేతిలో పోర్ట్ ఉన్నా, ఆ వైపు చంకలో లింఫ్ గ్రంథులు తీసి ఉన్నా మాత్రం ఆ చేయి వద్దని చెప్పండి. రక్తం గడ్డకట్టే టైమ్ చూసే పరీక్షలకు హెపారిన్ నింపిన పోర్ట్ నుంచి తీస్తే లెక్క తప్పు రావొచ్చు, అవి చేతి నుంచి తీయించుకోవడం మేలు.

బరువు బాగా తగ్గినవాళ్ళు అప్పుడప్పుడు అద్దంలో చూసుకోండి. పోర్ట్ మీద చర్మం పల్చబడి, మెరుస్తూ, ఎర్రగా, లోపలి డబ్బా రంగు కనిపిస్తున్నట్టుంటే ఆ చోట నీడిల్ పెట్టనివ్వకుండా ముందు డాక్టర్‌కి చూపించండి.

అద్దం గురించి ఇంకో మాట. ఛాతీ మీద ఆ ఉబ్బు చూసినప్పుడల్లా కొందరికి దుఃఖం వస్తుంది, జబ్బును ఎవరో గుర్తుచేస్తున్నట్టు. అది మీ ఒక్కరికే కాదు. ఇంట్లోవాళ్ళు "చిన్నదే కదా" అని కొట్టిపారేయకుండా వినాలి. పిల్లలు భయపడుతుంటే దాచకండి, ఇందులోంచి మందు వెళ్తుందని, నొప్పి లేదని చెప్పి, రెండో వైపు నుంచి వాటేసుకోమనండి.

కీమో అయిపోయాక

ఆఖరి సైకిల్ అవగానే పోర్ట్ తీసేయాలని లేదు. మళ్ళీ అవసరం పడొచ్చనుకుంటే డాక్టర్లు కొన్ని నెలలో, ఏడాదో, ఇంకా ఎక్కువో ఉంచుతారు. ఉంచినన్నాళ్ళూ ఫ్లష్ చేయించుకుంటూనే ఉండాలి. వాడని పోర్ట్‌ని నాలుగు వారాలకు ఒకసారి ఫ్లష్ చేయడం పాత పద్ధతి, ఇప్పుడు చాలాచోట్ల ఆరు, ఎనిమిది, పన్నెండు వారాలకు కూడా చేస్తున్నారు. మీ హాస్పిటల్ ఏది చెప్తే అది ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. కీమో ఉన్న రోజుల్లో ఎలాగూ వెళ్తాం కాబట్టి మర్చిపోం, అయిపోయాకే అందరూ మర్చిపోతారు. ఒంట్లో బాగుంది, జుట్టు వస్తోంది, ఇంక హాస్పిటల్ మొహం చూడబుద్ధి కాదు, అది నాకూ తెలుసు. అయినా వెళ్ళాలి, మూసుకుపోయిన పోర్ట్ ఎందుకూ పనికిరాదు.

ఎప్పుడు తీయాలన్నది మీరే ఎత్తండి, లేకపోతే ఆ సంగతి అలా సాగుతూనే ఉంటుంది. ఎందుకు ఉంచుతున్నారు, ఏ స్కాన్ తర్వాత తీయొచ్చు అని సూటిగా అడగండి. తీయడం పెట్టడం కన్నా తేలిక, మొద్దు ఇంజెక్షన్ ఇచ్చి సాధారణంగా పాత కోతలోంచే తీసేస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఈసారి కూడా ముందే చెప్పాలి. తీశాక కొన్ని రోజులు తడి తగలకుండా చూసుకోండి, బరువులెత్తకండి, ఎరుపో చీమో జ్వరమో కనిపిస్తే పోర్ట్ పోయింది కదా అని ఊరుకోకుండా ఫోన్ చేయండి.